కారు ఏసీ కంప్రెసర్ ఇంట్లోనే మార్చుకోవాలంటే

ఏసీ గ్యాస్‌ను నొక్కి లైన్లలో తిప్పే భాగమే కంప్రెసర్. దాన్ని విప్పి బిగించడం ఈ పనిలో అన్నిటికంటే తేలిక. మూడు నాలుగు బోల్టులు, రెండు పైపులు, ఒక బెల్టు, ఒక వైరు. స్పానర్ పట్టడం అలవాటున్న ఎవరైనా చేయగలరు. కష్టమంతా దానికి ముందూ వెనకా ఉంటుంది. పాతది ఎందుకు పోయిందో కనిపెట్టాలి, అది పోతూ పోతూ లైన్లలోకి వదిలిన లోహపు రజను తీసేయాలి, ఆయిల్ లెక్క చూసుకోవాలి, లోపలి తేమనంతా లాగేయాలి. ఇవన్నీ వదిలేసి కొత్తది బిగిస్తే కొన్నాళ్లు చల్లగానే ఉంటుంది. ఆ తర్వాత పాతదాన్ని తినేసిన జబ్బే కొత్తదాన్నీ తినేస్తుంది. అందుకే ఇక్కడ బోల్టుల గురించి తక్కువ, మిగతా వాటి గురించి ఎక్కువ చెబుతాను.

ముందే ఒక హెచ్చరిక. ఇదంతా ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్లకే. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కంప్రెసర్ కరెంటుతో తిరుగుతుంది. వాటి నారింజ రంగు కేబుళ్లలో వందల వోల్టులుంటాయి. ఆయిల్ కూడా వేరే రకం, బెల్టు కంప్రెసర్లలో వాడే మామూలు పీఏజీ ఆయిల్ కొంచెం కలిసినా లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ఆ కార్లను ఇంట్లో ముట్టుకోకండి.

నిజంగా కంప్రెసరే పోయిందా?

చల్లగాలి రాకపోతే అందరికీ మొదట కంప్రెసర్ మీదే అనుమానం. చాలాసార్లు అసలు సమస్య గ్యాస్ తగ్గిపోవడం. గ్యాస్ మరీ తగ్గితే ప్రెషర్ స్విచ్ క్లచ్‌ను (పుల్లీని కంప్రెసర్‌తో కలిపే కరెంటు అయస్కాంతం) పట్టనివ్వదు. అది కంప్రెసర్ ప్రాణం కాపాడే ఏర్పాటు. లోపలి ఆయిల్ గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది కాబట్టి గ్యాస్ లేకపోతే ఆయిల్ కంప్రెసర్‌కు తిరిగి రాదు, ఆయిల్ లేని కంప్రెసర్ ఎంతోసేపు బతకదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, లోపలి ప్రెషర్ చూపించే గేజ్ సెట్ తగిలించి చూడండి. ఆర్-134ఏ వాడే కారులో, బయట 30 డిగ్రీలు ఉన్నప్పుడు రెండు గేజ్‌లూ దాదాపు 95 పీఎస్ఐ చూపించాలి. బాగా తక్కువ ఉంటే గ్యాస్ కారిపోయినట్టే, ముందు లీకు వెతకాలి. అయితే ఈ అంకె సరిగ్గా ఉన్నంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉందని కాదు. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నా అదే ప్రెషర్ చూపిస్తుంది.

క్లచ్ పట్టడం లేదంటే ఫ్యూజు, రిలే చూసి, ఆ తర్వాత క్లచ్ కాయిల్‌ను మల్టీమీటర్‌తో కొలవండి. చాలా కార్లలో 3 నుంచి 5 ఓమ్‌లు ఉంటుంది. అసలు రీడింగే రాకపోతే కాయిల్ తెగినట్టు. ఏసీ ఆపినా గరగర శబ్దం వస్తుంటే అది పుల్లీ బేరింగ్ కావచ్చు. కొన్ని మోడళ్లలో కాయిల్, బేరింగ్ విడిగా దొరుకుతాయి, గ్యాస్ తీయకుండానే మార్చవచ్చు. ఇంత చిన్న పనితో పోయేదానికి కంప్రెసర్ మొత్తం మార్చాల్సిన అవసరం లేదు.

కంప్రెసరే పోయిందని చెప్పే గుర్తులు వేరు. ముందున్న హబ్‌ను చేత్తో తిప్పితే కదలదు, లేదా గరుకుగా పట్టి పట్టి తిరుగుతుంది. షాఫ్ట్ సీల్ దగ్గర ఆయిల్ జిడ్డు చేరి దుమ్ము అట్ట కట్టి ఉంటుంది. ఏసీ వేయగానే లోపల నుంచి కొట్టుకుంటున్న చప్పుడు వస్తుంది. లేదంటే గ్యాస్ సరిగ్గా ఉన్నా గేజ్‌లో లో సైడ్ (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు) ప్రెషర్ ఎక్కువగా, హై సైడ్ (నొక్కిన గ్యాస్ బయటికి పోయే వైపు) ప్రెషర్ తక్కువగా కనిపిస్తుంది. అంటే అది తిరుగుతోంది కానీ గ్యాస్‌ను నొక్కలేకపోతోంది.

గ్యాస్ సంగతి

ఉన్న గ్యాస్‌ను గాల్లోకి వదలొద్దు. ఒక కిలో ఆర్-134ఏ వందేళ్ల కాలంలో భూమిని వేడెక్కించడంలో 1,300 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. చాలా దేశాల్లో అలా వదలడం నేరం కూడా. ద్రవరూపంలో చర్మానికి తగిలితే మంచుగాయం అవుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. గాలికంటే బరువు కాబట్టి మూసి ఉన్న షెడ్డులో కిందే పేరుకుంటుంది, మంట తగిలితే విషవాయువులుగా మారుతుంది. రికవరీ మెషిన్ ఉన్న వర్క్‌షాప్‌కు వెళ్లి గ్యాస్ తీయించుకుని రండి. ఎంత గ్యాస్ వచ్చిందో గ్రాముల్లో రాసి ఇమ్మనండి. ఉండాల్సిన దానిలో సగమే వచ్చిందంటే ఎక్కడో లీకుందని ఇంకో గుర్తు దొరికినట్టు. క్లచ్ లేని కంప్రెసర్ అయితే ఖాళీ సిస్టమ్‌తో కూడా తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి అక్కణ్నుంచి నేరుగా ఇంటికి రండి.

మీ కారులో ఏ గ్యాస్ ఉందో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. చాలా దేశాల్లో కొత్త కార్లలో ఎక్కువగా ఆర్-1234వైఎఫ్ ఉంటుంది. అది కొద్దిగా మండే గుణమున్నది, దాని కప్లర్లు, గేజ్‌లు వేరు. అడాప్టర్ పెట్టి ఒకదాని బదులు ఇంకోటి ఎక్కించమని ఎవరు చెప్పినా వినకండి. అదే స్టిక్కర్ మీద గ్యాస్ బరువు ఉంటుంది, కొన్నిటిలో ఆయిల్ రకం కూడా. ఒక ఫోటో తీసి పెట్టుకోండి, పని అయ్యేదాకా దానితో అవసరం ఉంటుంది.

ఏమేం తెచ్చుకోవాలి

కంప్రెసర్‌తో పాటు రిసీవర్ డ్రయ్యర్, లేదా మీ కారులో అది ఉంటే అక్యుములేటర్, కచ్చితంగా కొత్తది కొనాలి. అందులోని తేమ పీల్చే గుళికలు గాలి తగిలిన కాసేపటికే నిండిపోతాయి. డ్రయ్యర్ మార్చిన రుజువు లేకపోతే చాలామంది అమ్మకందార్లు కంప్రెసర్ వారంటీ కూడా ఒప్పుకోరు. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ లేదా ఆరిఫిస్ ట్యూబ్ (రెండూ గ్యాస్‌ను సన్నని దారిలోంచి వదిలి ప్రెషర్ తగ్గించేవే), జాయింట్లలో వేసే రబ్బరు ఓ-రింగ్‌ల సెట్టు, కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ తీసుకోండి. పీఏజీలోనే 46, 100, 150 అని చిక్కదనాలు వేరు. ఏదో ఒకటి పోస్తే సరిపోదు. ఆయిల్ చిన్న డబ్బాలో కొనండి. మూత తీసిన పీఏజీ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, మిగిలింది వచ్చే ఏడాదికి దాచుకోవడానికి పనికిరాదు.

పనిముట్లలో మామూలు సాకెట్లు, టార్క్ రెంచ్ కాక మానిఫోల్డ్ గేజ్ సెట్, వ్యాక్యూమ్ పంప్, గ్రాములు చూపించే తూకం, ఆయిల్ కొలిచే గాజు గ్లాసు కావాలి. పంపు, గేజ్‌లు అద్దెకు దొరికితే అద్దెకే తీసుకోండి. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా మొదలుపెట్టొద్దు.

విప్పడం

ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేయండి. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు తిరుగుతోందో ఫోటో తీశాకే టెన్షనర్‌ను వెనక్కి లాగి బెల్టు తప్పించండి. చాలా కార్లలో కంప్రెసర్ కింది వైపున ఉంటుంది కాబట్టి కారు పైకి ఎత్తాలి. జాకీ మీద ఆగిన కారు కిందకి ఎప్పుడూ దూరొద్దు, స్టాండ్లు వేయాల్సిందే.

గేజ్‌లో ప్రెషర్ సున్నా ఉందని మళ్లీ ఒకసారి చూసుకున్నాకే పైపులు వదులు చేయండి. నట్టును ఒక్కసారిగా తీయకుండా సగం తిప్పు తిప్పి ఆగితే మిగిలిన కాస్త ప్రెషర్ మెల్లగా పోతుంది. అల్యూమినియం పైపుల జాయింటు నట్టుతో ఉంటే రెండు స్పానర్లు వాడాలి. ఒకటి పట్టుకోవడానికి, ఇంకోటి తిప్పడానికి. లేకపోతే పైపే మెలితిరిగి పోతుంది. పైపు ఊడిన మరుక్షణం దాని నోటికి, కంప్రెసర్ పోర్టులకు మూతలు పెట్టండి. శుభ్రమైన ప్లాస్టిక్ సంచి చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసినా చాలు. తెరిచి వదిలిన ప్రతి నిమిషం తేమ లోపలికి పోతూనే ఉంటుంది. తర్వాత వైరు కనెక్టర్ తీసి, మౌంటింగ్ బోల్టులు విప్పి, కంప్రెసర్‌ను రెండు చేతులతో దించండి. కొన్ని బోల్టులు ఇంకోవాటికంటే పొడుగు. ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి.

పాత ఆయిల్ ఏం చెబుతోంది

ఇక్కడ తొందరపడకండి. పాత కంప్రెసర్‌ను తలకిందులు చేసి, హబ్ తిప్పగలిగితే తిప్పుతూ రెండు పోర్టుల్లోంచీ ఆయిల్‌ను గాజు గ్లాసులోకి వంచండి. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాసుకోండి. ఆ తర్వాత నాలుగు చుక్కలు తెల్ల కాగితం మీద వేసి ఎండలోకి తీసుకెళ్లి కాగితాన్ని అటూ ఇటూ వంచి చూడండి.

ఆయిల్ తేటగా, లేత పసుపుగా ఉండి, లీకు వెతకడానికి వేసే పచ్చ రంగు డై తప్ప ఇంకేమీ లేకపోతే మీరు అదృష్టవంతులు. సీల్ పోయిందో, క్లచ్ పోయిందో అంతే. మిగతా సిస్టమ్ బాగానే ఉంది. చుక్క అంచుల్లో వెండి పొడిలా తళుక్కుమంటే లోపల పిస్టన్లు, ప్లేట్లు అరిగి ఆ రజను కండెన్సర్‌లోకి (గ్యాస్ వేడిని బయటికి వదిలే, రేడియేటర్ లాంటి భాగం) పోయినట్టు. నల్లగా, చిక్కగా, మాడు వాసనతో ఉంటే ఆయిల్ చాలక వేడికి కాలిపోయినట్టు. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగులుతుంది, గ్లవ్స్‌తోనే చూడండి. ఆరిఫిస్ ట్యూబ్ ఉన్న కారైతే దాన్ని లాగి జల్లెడ చూడండి. అది నల్లటి జిగట ముద్ద పట్టి ఉంటే ఇక సందేహమే లేదు.

రజను కనిపించిందంటే కండెన్సర్ కూడా మార్చాలి. దీని గురించి చాలామంది బేరాలాడతారు. ఖర్చు పెరుగుతుంది కదా, ఫ్లష్ చేసి సరిపెడదాం అంటారు. ఈ కాలపు కండెన్సర్లలో గ్యాస్ వెళ్లే దారులు అగ్గిపుల్ల కూడా దూరనంత సన్నం, పైగా అవి డజన్లకొద్దీ పక్కపక్కనే ఉంటాయి. ఫ్లష్ ద్రావణం ఖాళీగా ఉన్న దారి వెతుక్కుని పోతుంది, మూసుకుపోయిన దారిలోకి వెళ్లనే వెళ్లదు. మిగిలిన రజను మెల్లమెల్లగా కొత్త కంప్రెసర్‌కే వచ్చి చేరుతుంది. కండెన్సర్‌కు డబ్బు చాలకపోతే పని వాయిదా వేసుకోండి, అంతేగానీ సగం పనితో కొత్త కంప్రెసర్‌ను పాడుచేసుకోవద్దు.

ఎవాపరేటర్‌ను (కారు లోపలి గాలిని చల్లబరిచే భాగం), మధ్యలో ఏ అడ్డూ లేని పైపులను ఫ్లష్ చేయవచ్చు. గ్యాస్ మామూలుగా పోయే దిశకు ఎదురుగా ద్రావణం పంపి, బయటికి వచ్చేది తేటగా అయ్యేదాకా చేసి, పొడి నైట్రోజన్‌తో పూర్తిగా ఆరేదాకా ఊదండి. లోపల ద్రావణం మిగిలితే అది కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్, డ్రయ్యర్, మఫ్లర్ ఉన్న రబ్బరు హోసులు ఫ్లష్‌కు లొంగవు. రజను పట్టి ఉంటే మార్చడమే. ఇదే సమయంలో కండెన్సర్ ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోందో లేదో చూడండి. ఫ్యాన్ మొరాయిస్తే హై సైడ్ ప్రెషర్ విపరీతంగా పెరుగుతుంది. పాత కంప్రెసర్ పోవడానికి అదే కారణం కావచ్చు.

ఆయిల్ లెక్క

కొత్త కంప్రెసర్‌లో ఫ్యాక్టరీ ఆయిల్ ఉందో లేదో, ఎంత ఉందో పెట్టెలోని కాగితం చదవండి. కొన్ని ఖాళీగా వస్తాయి, కొన్నిటిలో మొత్తం సిస్టమ్‌కు సరిపడా పోసి పంపుతారు. లీకు తప్ప ఇంకే తప్పూ లేని సందర్భంలో లెక్క తేలిక. పాతదాంట్లోంచి ఎంత వచ్చిందో అంత కొత్తదాంట్లో ఉంచాలి. ఉదాహరణకు కొత్తదాంట్లో సిస్టమ్‌కంతటికీ సరిపడా 150 మి.లీ. ఉంది, పాతదాంట్లోంచి 70 మి.లీ. వచ్చింది అనుకోండి. మిగతా 80 మి.లీ. ఇంకా లైన్లలోనే ఉంది. కాబట్టి కొత్తదాంట్లోంచి ఆ 80 వంచేయాలి. మార్చిన డ్రయ్యర్, కండెన్సర్‌లతో పోయిన ఆయిల్‌కు ఎంత కలపాలో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. సిస్టమ్ అంతా ఫ్లష్ చేసి ఆరబెట్టినట్టయితే మాన్యువల్ చెప్పిన మొత్తం పోయాలి. ఆయిల్ ఎక్కువైనా మంచిది కాదు. ఎవాపరేటర్ గొట్టాల్లో పేరుకుని చల్లదనం తగ్గిస్తుంది, ద్రవం కంప్రెసర్‌లోకి పోతే వాల్వులు విరుగుతాయి.

బిగించడం

కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి పుల్లీ గాడులు, మౌంటింగ్ రంధ్రాలు, పోర్టులు, కనెక్టర్ అన్నీ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చండి. పోర్టుల మూతలు నెమ్మదిగా తీయండి, లోపల నైట్రోజన్ నింపి ఉంటే బుస్సుమంటుంది. చాలామటుకు లావు పైపు లో సైడ్, సన్నది హై సైడ్.

మౌంటింగ్ బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, ఆ తర్వాతే మాన్యువల్‌లోని టార్క్ ప్రకారం బిగించండి. ప్రతి జాయింటుకూ కొత్త ఓ-రింగ్ వేయండి. పాతది బాగానే కనిపించినా సరే, అది వేడికి చదునుపడి ఉంటుంది. శుభ్రమైన కంప్రెసర్ ఆయిల్ వేలితో రాసి, రింగ్ మెలిక పడకుండా కూర్చోబెట్టండి. డ్రయ్యర్ మూతలు అన్నిటికంటే చివర్లో తీసి, వెంటనే బిగించి, అప్పుడే వ్యాక్యూమ్‌కు వెళ్లాలి. బెల్టు పగుళ్లు పడి ఉంటే అదీ మార్చండి. వేశాక ముందు నుంచి చూసి పుల్లీలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో గమనించండి. ఆఖరున కంప్రెసర్ హబ్‌ను చేత్తో పది పదిహేను సార్లు తిప్పండి. సిలిండర్లో ఆయిల్ నిలిచి ఉంటే బయటికి పోతుంది. ఇది చేయకుండా ఇంజిన్ వేస్తే మొదటి తిప్పులోనే వాల్వు విరిగే ప్రమాదం ఉంది.

తేమ లాగేయడం

వ్యాక్యూమ్ అంటే లోపలి గాలి తీయడం మాత్రమే అనుకుని పది నిమిషాల్లో ముగించేస్తుంటారు. గాలి పది నిమిషాల్లో పోతుంది, నీళ్లు పోవు. తేమ మిగిలితే ఆయిల్, గ్యాస్‌లతో కలిసి ఆమ్లంగా మారి లోపలి లోహాన్ని తింటుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి గ్యాస్‌కు అడ్డం పడుతుంది. ప్రెషర్ బాగా తగ్గిస్తే నీళ్లు తక్కువ వేడికే మరిగి ఆవిరవుతాయి. గేజ్ 29 అంగుళాల వ్యాక్యూమ్ చూపించే చోట నీరు దాదాపు 25 డిగ్రీలకే మరుగుతుంది. అందుకే ఈ పని వెచ్చని రోజున చేయాలి. చలిరోజుల్లో ఎంతసేపు పంపు నడిపినా నీళ్లు పూర్తిగా పోవు. ఎత్తైన ఊళ్లలో గేజ్ అంత చూపించదు, ప్రతి 300 మీటర్లకూ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. అది పంపు తప్పు కాదు.

పంపును కనీసం 45 నిమిషాలు నడపండి. సిస్టమ్ చాలాకాలం తెరిచి ఉంటే గంటకు పైగానే నడపాలి. తర్వాత గేజ్ వాల్వులు మూసి, పంపు ఆపి, అరగంట ఆగండి. ముల్లు కదలకూడదు. కొంచెం పైకి లేచి ఆగిపోతే ఇంకా తేమ ఉన్నట్టు, మళ్లీ పంపు వేయండి. ఆగకుండా సున్నా వైపు వస్తూ ఉంటే లీకు. అప్పుడు పొడి నైట్రోజన్ నింపి జాయింట్లకు సబ్బునీళ్లు రాసి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడాలి. టైర్లకు గాలి కొట్టే పంపుతో నింపొద్దు. ఆ గాలితో తేమ అంతా మళ్లీ లోపలికే వెళ్తుంది. లీకు పూడుస్తాయని డబ్బాల్లో అమ్మే సీలెంట్ల జోలికి వెళ్లకండి. అవి వాల్వులను, చివరికి వర్క్‌షాప్ మెషిన్లను కూడా పాడుచేస్తాయి.

గ్యాస్ ఎక్కించడం

ఈ ఒక్క దశ మాత్రం వర్క్‌షాప్‌లో చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. వాళ్ల మెషిన్ గ్రాముల లెక్కన కొలిచి పోస్తుంది. మీరే చేసుకుంటే ప్రెషర్ చూసి అంచనాతో పోయకండి, తూకం మీద డబ్బా పెట్టి స్టిక్కర్ చెప్పిన బరువు ప్రకారం పోయండి. ఈ కాలపు సిస్టమ్‌లు చిన్నవి, 50 గ్రాములు ఎక్కువైనా తేడా తెలుస్తుంది.

గ్యాస్ డబ్బాకు తగిలించిన మధ్య గొట్టాన్ని గేజ్ దగ్గర ఒక్క క్షణం వదులు చేసి అందులోని గాలిని పంపేయండి. ఇంజిన్ ఆపి ఉంచే లో సైడ్ వాల్వు తెరిస్తే వ్యాక్యూమే కొంత గ్యాస్‌ను లాక్కుంటుంది. అది ఆగాక ఇంజిన్ వేసి, ఏసీ ఫుల్ పెట్టి, బ్లోయర్ ఫుల్ స్పీడులో తలుపులు తెరిచి ఉంచండి. డబ్బాను నిటారుగానే పట్టుకుని, లో సైడ్ నుంచి ఆవిరిగా మాత్రమే మెల్లగా ఎక్కించండి. డబ్బా తలకిందులు చేస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి పోతుంది. ఇంజిన్ నడుస్తుండగా హై సైడ్ వాల్వు ఏ పరిస్థితిలోనూ తెరవొద్దు. హై ప్రెషర్ డబ్బాలోకి ఎదురు తన్ని, డబ్బా పేలిపోతుంది. బరువు సరిపోగానే ఆపేయండి. కొన్ని నిమిషాలు ఇంజిన్ ఐడిల్‌లోనే నడవనివ్వండి, ఆయిల్ అన్ని చోట్లకూ చేరుతుంది. రేజ్ చేయొద్దు.

బయట 30 డిగ్రీల ప్రాంతంలో లో సైడ్ 25 నుంచి 45, హై సైడ్ 150 నుంచి 250 పీఎస్ఐ మధ్య ఉండటం మామూలు. రెండూ ఎక్కువగా ఉంటే గ్యాస్ ఎక్కువైంది, లేదా గాలి మిగిలింది, లేదా ఫ్యాన్ తిరగడం లేదు. లో సైడ్ సున్నాకు దిగిపోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర అడ్డుంది. డ్యాష్‌బోర్డ్ మధ్య గ్రిల్‌లో థర్మామీటర్ పెట్టి, తలుపులు మూసి, గాలి లోపలే తిరిగేలా రీసర్క్యులేషన్ పెట్టి చూడండి. 4 నుంచి 10 డిగ్రీల మధ్యకు దిగితే పని బాగా జరిగినట్టే. ఉక్కపోత ఎక్కువున్న రోజున ఇంకాస్త ఎక్కువ ఉంటుంది, కంగారు పడకండి.

సర్వీస్ పోర్టుల ప్లాస్టిక్ మూతలు మళ్లీ బిగించండి. వాటి లోపలి రబ్బరు కూడా ఒక సీలే. వారం తర్వాత బానెట్ ఎత్తి టార్చ్ వేసి, విప్పిన ప్రతి జాయింటునూ తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డకు ఆయిల్ జిడ్డు అంటితే ఆ జాయింటు దగ్గర గ్యాస్ కూడా పోతున్నట్టే. గ్యాస్ తీయించి, అక్కడి ఓ-రింగ్ మార్చి, వ్యాక్యూమ్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.